మిలిటరీ లారీకి నీలం రంగు

లారీ వాకిట్లోకి వచ్చిన రోజున అత్తగారు వంటింటి పక్క తలుపుకి గడియ పెట్టి, దానికి అడ్డంగా పిండి డబ్బా కూడా జరిపారు. లారీ లోపలికి వచ్చేస్తుందని భయమో, తానే బయటికి వెళ్ళిపోతానని భయమో కోడలికి అర్థం కాలేదు. అడగనూ లేదు. ఆ ఇంటికి కాపురానికి వచ్చాక ఆమె నేర్చుకున్న మొదటి విద్య ఏది అడగకూడదో తెలుసుకోవడం. రెండోది, అడక్కుండా తెలుసుకోవడం.

అది సైన్యం పనికిరాదని వేలంలో వదిలించుకున్న లారీ. ముదురాకుపచ్చ ఒళ్ళు, మనిషి నడుం ఎత్తు చక్రాలు, వెనక సైనికులు ఎదురెదురుగా కూర్చునే రెండు బల్లలు, పైన గుడ్డ కప్పడానికి ఇనప కమ్ములు. ముందు బంపరు మీద ఉక్కుతాడు చుట్టుకున్న డ్రమ్ము ఒకటి. ఎంత బరువునైనా అది లాగేస్తుందట. వంకర టింకరగా ఉన్నా, బండి మొహంలో ఏదో పెద్దరికం ఉంది. పెన్షను తీసుకుంటున్న హెడ్మాస్టరు గారు పొరపాటున మనింటికి వచ్చినట్టుంది అనుకుంది కోడలు.

దాన్ని ఎందుకు కొన్నాడో ఇంట్లో అందరికీ తెలుసు. పోయినేడు పల్లపు చేలో బంగాళాదుంపలు విరగకాశాయి. తీసేవేళకి వానలు పడ్డాయి. ట్రాక్టరు దిగబడింది, దాన్ని లాగడానికి వచ్చిన ట్రాక్టరూ దిగబడింది. దుంపలు నేలలోనే కుళ్ళిపోయాయి. ఆ వాసన గాలి తిరిగినప్పుడల్లా ఇంట్లోకి వచ్చి, పరుపుల్లో, బట్టల్లో, చివరికి టీలో కూడా కూర్చుంది. "ఈసారి కూడా అలాగే అయితే భూమి ఎవడికైనా ఇచ్చేసి, గోదాంలో మూటలు మోయడానికి పోతాను" అన్నాడు భర్త. అతను బెదిరించే రకం కాదు. అన్నవి చేసే రకం. అదే వచ్చిన చిక్కు.

అత్తగారికి ఇదంతా తెలుసు. అయినా గడియ పెట్టారు. ఆవిడ పెద్దకొడుకు ఇలాంటి లారీలోనే వెళ్ళాడు, ఇలాంటి లారీలోనే వచ్చాడు. వెళ్ళేటప్పుడు మాత్రం కూర్చుని వెళ్ళాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర భర్త ఉత్సాహంగా వేలం కబుర్లు వినిపించాడు. "అక్కడ స్టోరు కీపరు ఒకడున్నాడు. నవ్వడు, కన్నార్పడు. చక్రం దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. ఈ బళ్ళ చక్రాలు మామూలువి కావట. రెండు ఇనప పళ్ళాలు కలిపి బిగించినవట, మధ్యలో టైరు. నట్లు రెండు వరసలు. లోపలి వరస విప్పితే చక్రం ఊడుతుంది. బయటి వరస, ఎర్ర రంగు వేసినవి, టైర్లో గాలి ఉండగా విప్పితే మనిషి ఊడతాడు. అవే మాటలు అన్నాడు."

"చచ్చిపోతాడనా?" అంది కోడలు.

"ఆ పళ్ళెం ఎగిరొచ్చి మొహానికి కొడుతుందట. ఇంక బతకడమా?"

అత్తగారు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచి వెళ్ళిపోయారు.

లారీని చేనుకి తగ్గట్టు మార్చే పని వెల్డరు మామయ్య మీద పడింది. ఆయన అత్తగారికి సొంత తమ్ముడు. ముప్పయ్యేళ్ళ గ్రైండరు మోతకి చెవులు పోయాయి, వెల్డింగు వెలుగుకి కళ్ళు సగం పోయాయి, నోరు మాత్రం దేవుడిచ్చింది ఇచ్చినట్టే ఉంది. తన మాట తనకి వినబడదు కాబట్టి ఎదుటివాళ్ళకీ వినబడదేమోనని ఆయన ఇంత గొంతేసుకుని మాట్లాడేవారు. రహస్యం చెప్తే వీధి చివరి ఇంట్లో కూడా నవ్వేవాళ్ళు.

"అక్కా, తలుపు తియ్యి. టీ ఇయ్యి. నీ లారీ నన్ను కరవలేదు ఇంకా," అని గడియ పెట్టిన తలుపు ముందు నిలబడి అరిచారు మొదటిరోజే.

తలుపు తెరుచుకోలేదు. కిటికీలోంచి ఒక చెయ్యి, ఆ చేతిలో గ్లాసు మాత్రం వచ్చాయి.

"చూశావా అమ్మాయ్," అన్నారాయన కోడలితో. "చిన్నప్పుడు నేను ఎలక్కి భయపడితే మీ అత్త నన్ను గంపలో పెట్టి మూతేసింది. ఇప్పుడు తనే గంపలో కూర్చుంది."

ఆయన పనితీరు చూడ్డం కోడలికి సరదా. చెవులు లేని మనిషి కాబట్టి ఆయన కొట్లో మాటలకి బదులు రంగులు మాట్లాడేవి. తెల్ల సుద్దతో గీస్తే కోయాలి. పసుపు చుక్క పెడితే అతకాలి. ఎర్ర రంగు పూస్తే చెయ్యి పెట్టకూడదు. ఎవరైనా నోటితో ఏదైనా చెప్తే గట్టిగా తల ఊపి, సుద్దముక్క చేతికిచ్చి, "గీసి చావు" అనేవారు. లారీ చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి, ఎర్ర నట్లు చూసి, మేనల్లుడి వైపు కళ్ళెగరేశారు.

"ముట్టుకోకూడదు," అని భర్త చేతులు అడ్డంగా ఊపి చూపించాడు.

"అంతేగా. నా కొట్లోనూ అదే చట్టం. ఎవడో బుద్ధిమంతుడు పూశాడు."

అక్కడితో ఆ సంగతి ఆయనకి అయిపోయింది. లోపలి వరస, బయటి వరస అన్న భాగవతం ఆయనకి అక్కర్లేకపోయింది. ఎరుపు ఎరుపే.

పని బాగానే సాగింది. బల్లలు ఊడదీసి పలకలన్నీ పశువుల పాకలో పేర్చారు. కమ్ములు కోసేశారు. ఆ స్థానంలో వెనక్కి ఎత్తి దించే తొట్టి ఒకటి కట్టారు. దాని పక్కలు పలకలు కాకుండా ఇనప పట్టీలు, మధ్య సందులు. దుంపలు ఆగుతాయి, మట్టి రాలిపోతుంది. అది మామయ్య సొంత ఆలోచన. చేసినందుకు మూడు పూటలా దాని గురించే చెప్పుకున్నారు. డ్రమ్ము మీది ఉక్కుతాడుకి ఒక ఇనప తెప్ప తగిలించారు. లారీ దిగలేని బురదలోకి తెప్పని తోసి, దుంపలు నింపి, తాడుతో గట్టుకి లాక్కోవచ్చు.

మిగిలింది రంగు. అత్తగారు ఆ విషయం ఒక్కసారే చెప్పారు, గోడవైపు చూస్తూ. "ఆ పచ్చ నాకు కనబడకూడదు. చుక్క కూడా."

రంగుల కొట్టువాడి దగ్గర అమ్ముడుపోకుండా ఎక్కువగా మిగిలింది నీలం. మగవాళ్ళిద్దరికీ ఇనుముతోనే తీరిక లేదు కాబట్టి బ్రష్షు కోడలి చేతికొచ్చింది. ఆమె కాలేజీలో చరిత్ర చదువుకుంది. ఆ చదువు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది, ఒక సైన్యాన్ని ఒంటిచేత్తో తుడిచిపెట్టడానికి. తలుపు మీది తెల్ల అంకెలు మూడు పూతలకి గాని లొంగలేదు. ఎర్ర నట్లని మాత్రం చుట్టూ జాగ్రత్తగా వదిలేసి, మిగతా చక్రమంతా నీలం వేసింది. ఆకాశంలో కుంకుడు గింజలంత ఎర్రచుక్కలు. చూడముచ్చటగానే ఉంది అనుకుంది.

రంగు ఆరాక అత్తగారు పిండి డబ్బా జరిపి, గడియ తీసి, బయటికొచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని లారీ చుట్టూ నడిచారు. కొత్త కోడలి బీరువా తనిఖీ చేసినప్పుడు కూడా అంత శ్రద్ధగా చూడలేదు. మడ్‌గార్డు కింద ఒక పచ్చ మరక, ఎక్కే మెట్టు వెనక ఒకటి. వేలు పెట్టి చూపించారు. కోడలు బ్రష్షుతో వెంట నడిచింది. ముందు చక్రం దగ్గర అత్తగారు ఆగిపోయారు.

"ఇవేంటి?"

"అవి ఎర్రగానే ఉండాలట అత్తయ్యా. ఆయన చెప్పారుగా, గాలి ఉండగా విప్పకూడనివి. గుర్తు కోసం."

అత్తగారు చాలాసేపు చక్రాన్నే చూశారు. తర్వాత చక్రానికి ఎదురుగా, నేల మీదే కూర్చున్నారు.

"ఆరోజు నన్ను మెట్టు మీద కూర్చోబెట్టారు," అన్నారు. "పెట్టె దించుతున్నారు, ఇటు చూడకమ్మా అన్నారు. నేను చూడలేదు. ఎదురుగా చక్రం ఉంది. అదే చూశాను. ఇవే, ఇలాగే ఎర్రగా. వాడి మొహం గుర్తు తెచ్చుకుందామంటే ఇవే వస్తాయి."

కోడలు చక్రం దగ్గరికి వంగింది. బ్రష్షుని డబ్బాలో ముంచింది. ఒక్కొక్క నట్టుకీ రెండు పూతలు వేసింది. అత్తగారు అక్కడే కూర్చుని, చివరి నట్టు నీలం అయ్యేదాకా చూసి, లేచి, మొదటిసారిగా ఆమె భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి బరువు తర్వాత ఎన్నోసార్లు కోడలికి గుర్తొచ్చింది.

రాత్రి భర్తకి చెప్పింది. అతను కాస్త ఆలోచించాడు. "పోనీలే. అమ్మ తలుపు తీసింది, అదే చాలు. నాకు తెలుసుగా, లోపలివి విప్పాలి, బయటివి వదిలెయ్యాలి. చక్రాలు విప్పేది నేనేగా."

"మామయ్యకి?"

"చెప్తాలే."

మేనమామా మేనల్లుళ్ళు రోజంతా ఒకచోటే ఉంటారు, మాట్లాడుకుంటారులే అనుకుంది కోడలు. భర్త మర్నాడు చెప్పాడు కూడా. తొట్టి కింద పడుకుని గ్రైండరు పెడుతున్న మనిషికి చెప్పాడు. మామయ్య గట్టిగా తల ఊపారు. వినబడినవాళ్ళు ఎంత ఊపుతారో, వినబడనివాళ్ళు అంతకంటే ఎక్కువ ఊపుతారు.

దుంపలు తీసేవేళకి మబ్బులు మళ్ళీ పోయినేటి దారే పట్టాయి. కాని ఈసారి చేలో నీలం లారీ ఉంది. ఆరు చక్రాల మీద బురదని పిసుక్కుంటూ, గేదెలా గురగురమంటూ అది పల్లం సగానికి పైగా దిగింది. మిగతా దూరం తెప్ప చూసుకుంది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి తొట్టి రెండుసార్లు నిండి ఇంటికి పోయి వచ్చింది. భర్త ఈలలు వేశాడు. అతనికి ఈల రాదు. అయినా వేశాడు.

అత్తగారు కూడా చేలోకి వచ్చారు, టీ ఫ్లాస్కు పట్టుకుని. "నీలం బండికి దిష్టి తగిలేట్టుంది, కాస్త నెమ్మదిగా నడపరా" అన్నారు. ఆవిడ దాన్ని బండి అన్నారు. కోడలు సాళ్ళ మధ్య వంగి దుంపలు ఏరుతూనే ఆ మాట విని, వెనక్కి తిరిగి నవ్వుకుంది.

చినుకులు మొదలయ్యేసరికి ఇంకా సగం చేను ఉంది. తొందరలో వదులుగా పడి ఉన్న ఉక్కుతాడు మీదుగానే భర్త లారీని ముందుకి పోనిచ్చాడు. తాడు ముందు చక్రం వెనక్కి దూరి ఇరుసుకి చుట్టుకుంది. చక్రం తీస్తే గాని తాడు రాదు. జాకీ పెట్టబోతే అది బురదలోకి మెత్తగా దిగిపోయింది, ఎవరో కిందనుంచి లాక్కున్నట్టు.

"పాకలో బల్ల పలకలున్నాయి, జాకీ కిందకి తెస్తా," అని భర్త ఇంటివైపు నడిచాడు.

"పో. నువ్వొచ్చేలోగా నట్లు వదులు చేసి పెడతా," అన్నారు మామయ్య, పానాకి పొడుగు గొట్టం తొడుగుతూ.

"లోపలివే మామయ్యా," అన్నాడు భర్త, నడుస్తూనే వెనక్కి తిరిగి.

మామయ్య తల ఊపారు.

ఆ మాట కోడలు విన్నది. విని నిశ్చింతగా వంగింది. చక్రం మధ్యభాగమంతా బురద అట్ట కట్టి ఉంది. లోపలి వరస దాని కింద ఎక్కడో పూడిపోయింది. అంచు దగ్గర మాత్రం బయటి వరస నట్లు వానకి కడుక్కుని నీలంగా మెరుస్తున్నాయి. అత్తగారు పక్కనే, చక్రానికి ఓ వారగా, బోర్లించిన తట్ట మీద కూర్చున్నారు. తమ్ముడు విప్పిన నట్లు బురదలో పడి పోకుండా ఒడి పట్టారు.

వాన గొణుగుడు మీదుగా మామయ్య గొంతు చేనంతా వినబడుతోంది. మొదట అక్కకి టీ సరిగా కాచడం రాదని చెప్పారు. తర్వాత మేనల్లుడికి తాడు వెయ్యడం రాదని చెప్పారు. ఒక నట్టు కిర్రుమంది. ఇంకోటి. "గట్టిగా బిగించి చచ్చారు," అన్నారు. కోడలు దుంపల మీది మట్టి దులిపి గంపలో వేస్తోంది.

"ఎర్రవి ముట్టుకోవద్దన్నాడు వీడు," అంటున్నారు మామయ్య. "ఈ చక్రానికి ఎర్రవి లేనే లేవక్కా. దీనికి ఏ పథ్యమూ లేదు."

కోడలి చేతిలో దుంప అలాగే ఉండిపోయింది. ఆ మాటకి అర్థం ఆమెకి ఒకేసారి రాలేదు. ముందు భుజాలకి వచ్చింది, తర్వాత కాళ్ళకి, చివరికి తలకి. లేచి చూసింది. మామయ్య చేతిలోని గొట్టం పెద్ద చుట్టు తిరుగుతోంది, చక్రం అంచున.

పిలిచింది. ఆయనకి ఎప్పుడు వినబడింది గనక. పరుగెత్తింది, బురద ఒక్కో కాలినీ మోకాలిదాకా పట్టుకుని, ఆలోచించుకుని వదులుతోంది. అక్కడ అత్తగారు ఒడిలోంచి ఒక నట్టు తీసి కళ్ళ దగ్గర పెట్టుకోవడం చూసింది. పానా కొరికినచోట నీలం పెచ్చు లేచింది. అత్తగారు బొటనవేలితో దాన్ని గీకారు. లేచి నిలబడ్డారు. తమ్ముడి భుజం వైపు చెయ్యి చాపారు.

"ఒరే, ఇవి ఎర్రవిరా."

చప్పుడు పెద్ద ఇంటి తలుపు ఒక్కసారిగా మూసుకున్నట్టుంది. ఆ తర్వాత వాన మళ్ళీ వినబడింది.

ఇనప పళ్ళెం సాళ్ళ అవతల నిలువునా దిగబడి ఉంది. మామయ్య వెల్లకిలా పడి ఉన్నారు. కోడలు మొహం వైపు ఒక్కసారి చూసి, తన తలగుడ్డ తీసి కప్పింది. అత్తగారికి గీతైనా పడలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. రెండో చేత్తో ఒడి అంచు పట్టుకునే ఉన్నారు. అందులోంచి ఒక్క నట్టు కూడా కింద పడలేదు.

భర్త పలకలు భుజాన పెట్టుకుని గట్టు మీద కనబడ్డాడు. జాకీ కోసం తెచ్చినవాటి మీదే మేనమామని ఇంటికి మోశారు. పలకల అడుగున ఎవరో సైనికుడు మేకుతో చెక్కుకున్న పిచ్చిగీతలున్నాయి. మోస్తుంటే కోడలి వేళ్ళకి తగులుతూ వచ్చాయి.

అన్నీ అయిపోయాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్తూ తలా ఒక మాట అన్నారు. సైన్యం సొత్తు ఇంటికి అచ్చిరాదన్నారు ఒకరు. చెవులు లేని మనిషికి ఆ పని చెప్పడమేంటన్నారు ఒకరు. నట్ల రంగు మాట ఎవరూ ఎత్తలేదు, ఎవరికీ తెలియదు గనక. భర్త మాత్రం కంచం ముందు కూర్చుని, "లోపలివే అన్నాను" అనేవాడు. కాసేపాగి, "అరవలేదు" అనేవాడు. తినకుండా లేచిపోయేవాడు. లారీ ముందు చక్రం కుంగి, ఒరిగిన మొహంతో చేలోనే నిలబడింది. వాన కురుస్తూనే ఉంది. గాలి తిరిగినప్పుడు ఇంట్లోకి కొంచెం కొంచెంగా పాత వాసన మొదలైంది.

అత్తగారు గడియ పెట్టలేదు. ఈసారి ఏ తలుపూ మూయలేదు. రాత్రిళ్ళు కూడా తీసే ఉంచేవారు. కోడలికి అదే ఎక్కువ భయమేసింది.

వాన తెరిపిచ్చిన ఒక పొద్దున వంటింట్లో కూరలు తరిగే కత్తి కనబడలేదు. అత్తగారూ కనబడలేదు. కోడలు ఎక్కడికని వెతక్కుండా నేరుగా చేలోకి నడిచింది.

అత్తగారు వెనక చక్రం ముందు బురదలో కూర్చుని, కత్తి మొనతో నట్టు మీది నీలం గీకుతున్నారు. అరచేతులు పగిలి ఉన్నాయి. ఒక నట్టు పూర్తిగా ఎర్రబడింది, రెండోది సగం. పక్కన గిన్నెలో ఆరోజు ఒడి పట్టిన నట్లున్నాయి. అవి ఎప్పుడో శుభ్రంగా గీకేసి ఉన్నాయి. ఇంట్లో ఎప్పుడు, ఏ మూల కూర్చుని గీకారో కోడలు చూడలేదు.

కోడలు పక్కన చతికిలబడింది.

"నువ్వు చెప్పావు," అన్నారు అత్తగారు, చక్రం మీంచి చూపు తిప్పకుండా.

"చెప్పాను అత్తయ్యా."

"ఇంకోసారి చెప్పాల్సింది."

"అవును."

అత్తగారు తల ఊపారు. ఆవిడకి వినబడింది. తలలో పిన్ను తీసి కోడలికిచ్చారు. సందుల్లోకి కత్తి పోవడం లేదు. కోడలు పిన్నుతో సందుల్లోని నీలం లాగడం మొదలుపెట్టింది. తను వేసిన రెండు పూతలూ బాగా పట్టాయి. ఏ పనీ అంత శ్రద్ధగా చెయ్యకూడదు అనుకుంది.

"వాడికి చెప్పు," అన్నారు అత్తగారు కొంతసేపటికి. "ఎరుపు కనబడుతోందని చెప్పు. స్టోరువాళ్ళ దగ్గర ఇంకో చక్రం తెచ్చుకోమను. పై సాళ్ళలో ఇంకా గట్టిగా ఉన్న దుంపలుంటాయి. అవి తీస్తే విత్తనానికైనా ఉంటాయి. గోదాములూ మూటలూ అంటే నేనూరుకోను."

"మీరు చెప్పండి అత్తయ్యా. మీరు చెప్తే వింటారు."

"నేను చెప్పింది వింటే ఏమవుతుందో చూశావుగా. నువ్వే చెప్పు. గట్టిగా చెప్పు."

కోడలు సరేనంది. కింద పల్లం వైపు చూసింది. నీళ్ళు సాళ్ళమీదికి ఎక్కి తెల్లగా నిలిచాయి. పై సాళ్ళు మాత్రం ఇంకా నల్లగా బయటికి కనబడుతున్నాయి, ఎన్ని అని లెక్కపెట్టుకునేంత తక్కువగా. ఆమె లెక్కపెట్టలేదు. ఇంకా ఐదు చక్రాలున్నాయి.